వీపు మాట

బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతుందో చెప్పడం అక్క మొదటి ఉద్యోగం. ఆ గదికి కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు వేలాడే ఫోను, ఇనుప కడ్డీకి బిగించిన మైకు, అంతే. ఫోను మోగితే విని, మైకు నొక్కి చెప్పేది. బస్సు ఆలస్యమైనా, దారిలో చెడిపోయినా, అసలు రద్దయిపోయినా ఆ కబురు అక్క నోట వింటే జనానికి అంతగా కోపం వచ్చేది కాదట. చంకలో పిల్లలతో, కాళ్ళ దగ్గర మూటలతో నిలబడ్డవాళ్ళు ఒక్కసారి తలెత్తి రేకుల కప్పు వైపు చూసి, చెప్పిన మనిషి పైన ఎక్కడో కూర్చుని ఉన్నట్టు తలూపి, మళ్ళీ మూటల మీద కూలబడేవారట.

అలా తలెత్తిన వాళ్ళలో సౌండు బాబాయి ఒకడు. డబ్బింగు థియేటర్లో మాటలు రికార్డు చేయడం ఆయన పని. ఎక్కవలసిన బస్సును వదిలేసుకుని ఆ గది వెతుక్కుంటూ వెళ్ళాడు. తలుపు తోసి, లోపల ఉన్న మనిషిని చూసి, ఇందాక మైకులో మాట్లాడిన అమ్మాయి ఎటు వెళ్ళిందని అడిగాడు.

"ఆ అమ్మాయిని నేనే. కూర్చుంటే ఈమాత్రం కనిపిస్తున్నాను. లేచానంటే ఇదీ ఉండదు," అంది అక్క.

అక్క పొట్టిది. చిన్నప్పుడు వచ్చిన జబ్బు మొహమంతా మచ్చలు చేసి పోయింది. గొంతు జోలికి మాత్రం పోలేదు. అది పదహారేళ్ళ దగ్గర ఆగిపోయి, తరవాత ఎన్నేళ్ళు గడిచినా అక్కడే ఉండిపోయింది. బాబాయి ఆమెను థియేటరుకు తీసుకెళ్ళి తేనెసీసా అని పేరు పెట్టాడు. మొహం చూసి ఎవరైనా పెదవి విరిస్తే, "సీసాని చూడకండి నాయనా, మూత తీసి చూడండి," అనేవాడు. అక్కే అందరికంటే ముందు నవ్వేది.

మొదట్లో గుంపు గోలలు, పసిపిల్లల ఏడుపులు, దయ్యాల నవ్వులు ఇచ్చారు. తరవాత హీరోయిన్ స్నేహితురాళ్ళు. ఆ తరవాత హీరోయిన్లు. తెర మీద ఎవరెవరో అందగత్తెలు నోరు తెరిస్తే అక్క మాట వినపడేది. ఒకసారి ఎవరో పెద్దమనిషి ఆ గొంతు ఎవరిదో కనుక్కుని, పెళ్ళి చేసుకుంటానని పూలదండ లాంటి మాటలు ఫోనులో చెప్పి, ఇంటికి వచ్చి గుమ్మంలో అక్కను చూసి, మీ అక్కయ్యగారిని పిలవమన్నాడు. అక్క లోపలికి వెళ్ళి, తలుపు వెనక నుంచి ఆ పదహారేళ్ళ గొంతుతో, "అక్కయ్య ఊళ్ళో లేదండీ," అని చెప్పి పంపేసింది. ఆ సంగతి చెప్పి థియేటరంతా నవ్వించింది. ఇంటికి వచ్చాక ఆ రోజు అన్నం ముట్టలేదన్నది చెల్లెలికి ఒక్కదానికే తెలుసు.

చెల్లెలు అక్క కంటే చాలా చిన్నది. తల్లి పోయినప్పుడు తొమ్మిదో తరగతి మధ్యలో ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక అక్క వెంటబెట్టుకు తిరిగింది. రేపు బడికి పంపుదాం, వచ్చే యేడు పంపుదాం అంటూండగానే బడి వయసు దాటిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరైనా పేరు అడిగితే అక్క కొంగు చాటుకు వెళ్ళేది. థియేటర్లో దానికి తోక అని పేరు. తేనెసీసా వచ్చిందంటే వెనకాలే తోక ఉందనే లెక్క.

తోక రికార్డింగు గదిలో బాబాయి పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేది. అద్దం అవతల అక్క మైకు ముందు నిలబడేది, కాళ్ళ కింద చెక్కపెట్టె వేసుకుని. తెర మీద బొమ్మ నోరు కదులుతుంది. ఆ కదలికలోకి మాటను ఎక్కించాలి. బొమ్మ పెదవులు మూస్తే మనమూ పెదవులు మూసుకునే అక్షరం పలకాలి. ముందుగా ఊపిరి తీస్తే మనమూ తీయాలి. ఇదంతా చూసీ చూసీ, చెల్లెలికి చెవుల కంటే కళ్ళతో వినడం బాగా వచ్చింది. వీధి అవతల ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆ పెదవులు చూసి, ఏమంటున్నారో అక్క చెవిలో చెప్పేది. అక్క నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక నడిచేది.

డబ్బింగువాళ్ళకు ఇష్టమైన మాట ఒకటి ఉంటుంది. దాన్ని వాళ్ళు వీపు మాట అంటారు. మాట్లాడే మనిషి కెమెరా వైపు వీపు పెట్టి నిలబడితే, పెదవులు కనపడవు. అప్పుడు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీయాలో చెప్పేవాడు ఉండడు. మిగతావన్నీ ఆ నటివి, వీపు మాట ఒక్కటే నాది అనేది అక్క. సినిమా మొత్తం మీద రెండో మూడో వచ్చేవి. వాటి కోసం పసిపిల్ల మిఠాయి కోసం చూసినట్టు చూసేది.

ఇంకొకటి కూడా ఉంది. చచ్చిపోయే సీను చెప్పినవాళ్ళు అలాగే మైకు వదిలి రాకూడదు. చివరి ఊపిరి అయిపోయాక, బతికున్న మాట ఒకటి అక్కడే నిలబడి చెప్పి, అప్పుడు బయటికి రావాలి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, తప్పినవాళ్ళు లేరు. అది అయ్యేవరకు బాబాయి కూడా మిషను ఆపేవాడు కాదు. అక్కకు ఏనాడో అలవాటైన మాట ఉంది. "టీ చెప్పండి, పంచదార ఎక్కువ," అనేది. ఎంత ఏడిపించే చావు చెప్పినా దాని వెనకే ఈ మాట పడేసరికి అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవారు.

ఆ సినిమా వచ్చేసరికి అక్క గొంతుకు జబ్బు వచ్చి ఉంది.

అది ఎప్పుడో నూరేళ్ళ పైమాట, ఇంగ్లీషులో రాసిన నవల. దాన్ని ఆ దేశం వాళ్ళే సినిమాగా తీశారు. పొడుగాటి గౌన్లు, గుర్రపు బళ్ళు, పెద్ద పెద్ద మేడల్లో కొవ్వొత్తుల వెలుగు. కథ చిన్నదే. చర్చిలో పనిచేసే పేద పాదిరీ కూతురు, చూపు లేని ఒక జమీందారు ముసలమ్మకు పుస్తకాలు చదివి వినిపించే కొలువులో చేరుతుంది. ముసలమ్మ మేనల్లుడు తలుపు అవతల నిలబడి రోజూ వింటూ ఉంటాడు. ఆ గొంతు మీద మనసు పడతాడు. చివరికి ఆస్తి ఉన్న పిల్లను చేసుకుంటాడు. చదివే అమ్మాయి మేడ మీద చలిగదిలో జ్వరం వచ్చి పోతుంది. కింద ముసలమ్మ, ఈరోజు ఇంకా చదవడానికి రాలేదేమని గంట కొడుతూనే ఉంటుంది.

మొదటిసారి బొమ్మ వేసి చూపించిన రోజు అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. ఇంటికి నడుస్తూ, "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కథలన్నీ చెప్పానే. ఇది నాది," అంది.

ఆ అమ్మాయికి అరుపులు లేవు, పెడబొబ్బలు లేవు. బాధ వచ్చిన చోట గొంతు ఇంకా తగ్గుతుంది. అలాంటిది చెప్పే అవకాశం అక్కకు అంతకుముందు రాలేదు. అందులో ఒక వీపు మాట ఉంది. చదువుతున్న అమ్మాయి పుస్తకం మూసి, వెనక్కి తిరగకుండానే, తలుపు అవతల ఉన్నవాడితో అంటుంది. "మీరు వినడానికే వస్తున్నారని నాకు తెలుసు అక్కడ నిలబడితే కాళ్ళు నొప్పి పుడతాయి లోపలికి వచ్చి కూర్చోండి." మాటలు రాసిన పంతులు దీన్ని మూడు ముక్కలుగా విరిచి రాశాడు. అక్క విరవలేదు. ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపిరిలో, ఆగితే ధైర్యం పోతుందన్నట్టు చెప్పేసింది. అద్దం ఇవతల పంతులు తన కాగితం చూసుకుని, కలం తీసి, తను పెట్టిన చుక్కలు తనే కొట్టేశాడు.

ఆ పని మొదలవడానికి ముందే డాక్టరు అక్కకు చెప్పాడు. గొంతులో పుండు ఉంది, వెంటనే కోసి తీసేయాలి, తీస్తే మాట ఉండదు, తీయకపోతే మనిషి ఉండదు. చెల్లెలు పక్కనే నిలబడి విన్నది. అక్క కాసేపు డాక్టరు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన గాజు గుండును తిప్పి తిప్పి చూసింది. కొంచెం ఆగి చేయించుకుంటే ఏమవుతుందని అడిగింది. ఆగకూడదన్నాడాయన.

మెట్లు దిగుతూ అక్క అంది. "కోసేది ఎలాగూ కోస్తారు. కోసేలోగా కాస్త వాడుకోనీ."

"వద్దక్కా," అంది చెల్లెలు. అంతకంటే పెద్ద మాట ఆ పిల్లకు రాలేదు. తరవాత జీవితమంతా ఆ మెట్ల దగ్గరికే వెళ్ళి నిలబడి, ఇంకా ఏమి అని ఉండవలసిందో వెతుక్కుంటూనే ఉంది.

థియేటర్లో ఎవరికీ చెప్పలేదు. తెల్లారి లేస్తూనే వేడినీళ్ళతో గొంతు తడుపుకునేది. దారిలో ఒక్క మాట మాట్లాడేది కాదు, మైకు కోసం దాచుకునేది. సినిమా సగం అయ్యాక ఒక మధ్యాహ్నం, ముసలమ్మకు పుస్తకం చదివే సీనులో, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అక్క మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే. బాబాయి అనుకున్నాడు మైకు పోయిందని. లేచి వెళ్ళి తీగలు కదిపి చూస్తున్నాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, తన గొంతు చూపించింది.

ఆస్పత్రి నుంచి తెచ్చాక అక్క మెడ కింద చిన్న కన్నం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కడి నుంచే వచ్చేది. ముందే వచ్చి ఉంటే అంతా తీయగలిగేవాళ్ళమని, కొంత మిగిలిపోయిందని డాక్టరు చెల్లెలిని పక్కకు పిలిచి చెప్పాడు. అక్కకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మాట పోయింది గానీ పెదవులు ఉన్నాయి. అక్క పెదవులు కదిపితే చెల్లెలు చూసి పైకి చెప్పేది. మొదట తన గొంతుతో చెప్పింది. అక్క మొహం చిట్లించింది. చిన్నప్పటి నుంచీ విన్న గొంతే కదా అని అక్కలాగా చెప్పి చూసింది. అచ్చం అక్కే. అక్క కళ్ళు విప్పార్చి, చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇద్దరు మనుషులకు ఒకటే గొంతు. నోరు మెదపని పిల్ల, అక్క పెదవులు చూస్తూ కూరలమ్మిని నిలదీసేది. "ఈ వంకాయల్లో పురుగుల దగ్గర నువ్వు అద్దె వసూలు చేస్తున్నావా?" అనేది. కూరలమ్మి బిత్తరపోయి, ఈ పిల్లకు నోరుందా అని చుట్టుపక్కల వాళ్ళను అడిగేది. అక్క గుడ్డ అదిరేలా నవ్వేది. ఆ నవ్వుకు మాత్రం చెల్లెలు శబ్దం పెట్టలేకపోయేది.

మిగతా సగం సినిమా చెల్లెలి చేత చెప్పించమన్నది అక్కే. కొత్తగా ఇంకెవరైనా వస్తే మొదటి సగం కూడా తీసేసి మళ్ళీ మొదలుపెడతారు. తను ప్రాణం పెట్టి చెప్పిన సగం పోతుంది. తోక చెబితే అతుకు తెలియదు. అక్క ఈ సంగతి పెదవులతో చెబుతుంటే, చెల్లెలు అక్క గొంతులో దాన్ని సారుకు చెప్పింది. సారంటే ఆ సినిమా డబ్బింగు చూసుకునే పెద్దాయన. ఆయన అటు అక్క మొహం చూసి, ఇటు చెల్లెలి నోరు చూసి, ఎవరికి జవాబు చెప్పాలో తెలియక ఇద్దరికీ కలిపి సరేనన్నాడు.

పక్క నుంచి అక్క పెదవులు ఇంకొక్క మాట అన్నాయి. దాన్ని చెల్లెలు పైకి చెప్పలేదు, అది తనకొక్కదానికే అన్న మాట. "నాది పోనివ్వకే."

మర్నాడు సారు చెప్పించబోయే ప్రతి మాటనూ చెల్లెలు ముందురోజు ఇంట్లో అక్క ముందు చెప్పి చూపించేది. అక్క మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని వినేది. బాగుంటే చూపుడువేలు కదిలేది. బాగోకపోతే కదిలేది కాదు. వీపు మాట అయితే చెప్పడానికి లేదు, అది మొదటి సగంలోదే, అక్కే చెప్పేసింది. కానీ అక్క దాన్ని కూడా అప్పుడప్పుడు పెదవులతో అనుకునేది. ఆగకుండా, ఒకే ఊపిరిలో. ఊపిరి ఇప్పుడు నోటి నుంచి రాకపోయినా.

అన్నీ అయిపోయి, చివరికి అమ్మాయి చనిపోయే సీను మిగిలింది. చలిగది, కింద నుంచి గంట. తెర మీద ఆ అమ్మాయి పెదవులు ఇంచుకంత తెరుచుకుని ఆగిపోతాయి. చెల్లెలు అక్కలాగే చెప్పింది, అక్కలాగే ఊపిరి వదిలింది. అద్దం అవతల ఎవరూ కదల్లేదు. బొమ్మ ఆగిపోయింది. ఇక బతికున్న మాట చెప్పాలి.

టీ మాట అక్కది. అది తను అనకూడదని అనిపించింది. అక్క బతికుండగా ఆ మాట తను తీసుకుంటే ఏమవుతుందోనని భయం వేసింది. సొంతంగా ఏం చెప్పాలో తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా నలుగురి ముందు తనంతట తాను అన్న మాటే లేదు. అందరూ ఎదురు చూస్తున్నారు. ఇంట్లో రాత్రీ పగలూ అక్క పెదవుల మీద చూస్తున్న మాట ఒక్కటే నోటికి వచ్చింది. రికార్డింగు అయిపోయింది కదా అని, అక్కలాగా పెట్టకుండా, మామూలు గొంతుతో అనేసింది. "మీరు వినడానికే వస్తున్నారని నాకు తెలుసు. అక్కడ నిలబడితే కాళ్ళు నొప్పి పుడతాయి. లోపలికి వచ్చి కూర్చోండి."

బయటికి వచ్చేసరికి సారు లేచి నిలబడి ఉన్నాడు. ఆ చివర చెప్పింది మళ్ళీ వినిపించమని బాబాయిని అడిగాడు. బాబాయి ఏదో గొణిగాడు, అది సినిమాలోది కాదన్నాడు. వినిపించమన్నాడు సారు. విన్నాడు. తరవాత మొదటి సగంలో అక్క చెప్పింది వేయమన్నాడు. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి మూడుసార్లు వేయించుకున్నాడు.

తెల్లగా ఉందనుకున్న బట్ట, నిజంగా తెల్లని బట్ట పక్కన పెట్టినప్పుడు ఎలా కనపడుతుందో అలా అయింది. ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడని జీర, అక్క గొంతు అడుగున, ఒక్కసారిగా అందరికీ వినపడింది. మాట చివర్లు అరిగిపోయి ఉన్నాయి. ఒకసారి విన్నాక ఇక వినకుండా ఉండలేరు. చెల్లెలికీ వినపడింది. అది జబ్బు గొంతు. డాక్టరు వద్దంటే తెచ్చి మైకు ముందు పెట్టిన గొంతు.

సారు చెడ్డవాడు కాదు. చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తరవాత, "దీన్ని ఇన్నాళ్ళూ ఎలా విన్నానమ్మా నేను," అన్నాడు. "చూడు తల్లీ. మొదటి నుంచి నువ్వే చెప్పు. మీ అక్కలాగా వద్దు, ఇందాకటి లాగా. లేదంటే ఇంకో అమ్మాయిని పిలిపిస్తాను, ఆమె చెబుతుంది. ఎలాగైనా ఒక్క గొంతే ఉండాలి."

అక్కది ఉంచండి అని చెల్లెలి నోటి దాకా వచ్చింది. అక్క పెదవులు ఎదురుగా ఉంటే ఎంత పెద్ద మాటైనా అడిగేసి ఉండేది. ఎదురుగా పెదవులు లేవు. వేరే అమ్మాయి అయితే అక్క మాట నడిచిన తీరు కూడా పోతుంది, తనైతే కనీసం ఆ నడక మిగులుతుంది అని ఏదో లెక్క వేసుకుని, తలూపింది. బాబాయి మిషను వైపు తిరిగి, లేని దుమ్మును చేత్తో తుడిచాడు.

మళ్ళీ చెప్పేటప్పుడు, పాతది చెవులకు పెట్టుకుని వింటూ చెబితే తేలిక. చెవుల్లో అక్క చెబుతుంటే, దాని మీద చెల్లెలు చెప్పేది. చెప్పిన మాట చెప్పినట్టు అక్కది పోయి తనది పడేది. పలక మీద రాసింది తుడుస్తున్నట్టే ఉంది, తుడిచే చెయ్యి తనది. వీపు మాట దగ్గరికి వచ్చేసరికి, చెవుల్లో వేయవద్దని బాబాయిని చేత్తో వారించింది. అక్క లేకుండా చెప్పింది. "తెలుసు" దగ్గర ఊపిరి చాలక ఆగిపోయింది. మళ్ళీ ఊపిరి తీసుకుని మిగతాది చెప్పింది. ఆ ఆగడం చాలా బాగుందన్నాడు సారు. ఉంచేశాడు.

ఇంటికి వస్తే అక్క రోజూ ఒకటే అడిగేది, ఇంకా ఎంత ఉంది అని. కొంచెం సవరింపులు ఉన్నాయని చెప్పేది చెల్లెలు. నా కాళ్ళ నొప్పి మాట ఎలా ఉంది, సారు విన్నాడా, ఏమన్నాడు అని అడిగేది. చాలా బాగుందన్నాడని చెప్పేది. అందులో అబద్ధం లేదు కూడా. అక్క ఆ రాత్రి నిద్రపోయేది. చెల్లెలు ఆ మెడ కన్నం దగ్గర గుడ్డ పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చునేది.

సినిమా విడుదలైంది. అక్క అప్పటికి మంచం దిగే స్థితిలో లేదు. ఇంట్లోనే చూపిస్తానని ఒక ఆదివారం సాయంత్రం బాబాయి కంప్యూటరు చంకలో పెట్టుకుని వచ్చాడు. చూపించవద్దని చెల్లెలు ఆయనను గుమ్మంలోనే బతిమాలింది. "దాని చివరి సినిమా. ఏం చెప్పి ఆపను?" అన్నాడు. ఆయనకూ మొహం చెల్లడం లేదు. మొదట్లోవి రెండు మూడు మాటలైనా అక్కవి ఉంచుదామని చూశాడట. సారు చెవి పట్టేసిందట. ఆ జబ్బులో మనిషికి తేడా తెలియదేమో, అలాగే గడిచిపోతుందేమో అని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని లోపలికి వచ్చారు.

అక్క తల కింద రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. జుట్టు దువ్వమంది. మచ్చల మొహానికి కాస్త పౌడరు కూడా రాయమంది. బొమ్మ మొదలైంది. మేడ, మంచు, గుర్రపు బండి. పాదిరీ కూతురు బండి దిగి, గుమ్మంలో నిలబడి మొదటి మాట అంది.

దాంతో పాటు అక్క పెదవులు కదిలాయి. ప్రతి మాటా వచ్చు కదా. తెర మీద అమ్మాయి పెదవులు, మంచం మీద అక్క పెదవులు ఒక్కసారే తెరుచుకుని ఒక్కసారే మూసుకుంటున్నాయి. మధ్యలో గొంతు మాత్రం చెల్లెలిది. అక్క మొహంలో వెలుగు ఉంది. బాబాయి చెల్లెలి వైపు చూసి, పరవాలేదన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. చెల్లెలు తెర చూడలేదు. అక్క నోరే చూస్తూ కూర్చుంది.

కొవ్వొత్తుల గది వచ్చింది. అమ్మాయి పుస్తకం మూసింది. కెమెరాకు వీపు.

"మీరు వినడానికే వస్తున్నారని నాకు తెలుసు," అంది గొంతు. ఆగింది.

అక్క పెదవులు ఆగలేదు. అవి ఎప్పటిలాగే ఒకే ఊపిరిలో పరిగెత్తాయి. కాళ్ళ నొప్పి దాటి, లోపలికి వచ్చి కూర్చోండి అని ముగించేశాయి. ముగించిన తరవాత, వెనక నుంచి, తాపీగా, ఆ గొంతు మిగతాది చెప్పింది.

అక్క నోరు కొంచెంసేపు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. తరవాత ఇంకే మాటకూ కదల్లేదు. సినిమా చివరి దాకా చూసింది. చలిగది చూసింది. గంట విన్నది. బొమ్మ అయిపోయి తెర నల్లగా అయ్యాక, తల తిప్పి చెల్లెలి మొహం వైపు కాదు, గొంతు వైపు చూసింది. నెమ్మదిగా, పసిపిల్లకు అర్థమయ్యేలా, పెదవులు కదిపి ఒక మాట అంది.

బాబాయికి పెదవులు చదవడం రాదు. కుర్చీ అంచున కూర్చుని, భయంభయంగా, "ఏమంటోందే మీ అక్క?" అన్నాడు.

నాది ఎక్కడ పెట్టారే, అంది అక్క.

"బాగుందంటోంది బాబాయ్," అంది చెల్లెలు. అలవాటుగా అది అక్క గొంతులోనే వచ్చింది. ఆ తీపి, ఆ పదహారేళ్ళు, అన్నీ దిగాయి. "చాలా బాగుందంటోంది."

బాబాయి రెండు చేతులతో మొహం తుడుచుకుని, గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు. అక్క విన్నది. తన పెదవుల మీద తనది కాని మాట పెట్టడం, అది కూడా తన గొంతుతో పెట్టడం, కళ్ళారా చూసింది. పెదవులు మూసుకుంది.

ఆ తరవాత అక్క ఎవరికీ పెదవులు కదపలేదు. దాహమైతే గ్లాసు వైపు చూసేది. డాక్టరు నొప్పి ఎక్కడని అడిగితే ఆయన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టేది. కిటికీ దగ్గరికి కూరలమ్మి వచ్చి పుచ్చువంకాయలు చూపించి, ఏదో ఒకటి అనవే తల్లీ అని కావాలని కవ్వించింది. అక్క ఆమెను చూసి, గోడ వైపు తిరిగింది. చెల్లెలు మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, తప్పయిందక్కా అని తన సొంత గొంతుతో ఎన్నిసార్లు అందో. అక్క కోపంగా చూడలేదు. వింటున్నట్టు కూడా చూడలేదు. అన్నం పెడితే తినేది, ఒళ్ళు తుడుస్తుంటే చెయ్యి ఎత్తేది. ఆ మూసిన పెదవులను రోజంతా చూసేది చెల్లెలు, ఒక్క అక్షరమైనా దొరుకుతుందేమోనని.

అలాగే ఒక వానపొద్దున గుడ్డ కదలడం ఆగిపోయింది. బాబాయి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పోయేటప్పుడు నోరు తెరుచుకుంటుందంటారు. అక్కది తెరుచుకోలేదు.

కాసేపటికి బాబాయి గుర్తు చేశాడు. "ఒక్క మాట అనవే. ఏదో ఒకటి, బతికున్నది."

చెల్లెలు నోరు తెరిచింది. ఏ మాట అనబోయినా అది అక్క గొంతులోనే వచ్చేలా ఉంది. మళ్ళీ మూసుకుంది. బాబాయి చాలాసేపు ఎదురుచూసి, గొడుగు తీసుకుని, మనుషులను పిలవడానికి వెళ్ళాడు.